ప్రిమ్‌రోజ్: పగడపు గుట్ట మీద ఆగిన దాణా ఓడ, సెంటినెల్ దీవి ఇనుప ములుకులు

అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవిని ఆకాశం నుంచి తీసిన ఫొటో ఒకటి మన పాలమూరు, నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లోకి అప్పుడప్పుడూ వచ్చి పడుతుంటుంది. మధ్యలో చిక్కటి అడవి, చుట్టూ తెల్లటి ఇసుక, ఆ పైన లేత నీలం నీళ్లు. వాయవ్యం వైపు జూమ్ చేసి చూస్తే పగడపు గుట్ట మీద పొడుగ్గా ఒక ఓడ ఆకారం. ఫొటో కింద రాసే మాటలు మాత్రం ఎప్పుడూ ఒకటే రకం: మనుషుల్ని తినేవాళ్లు ఓడను పట్టుకున్నారని, అందులో ఉన్నవాళ్లంతా చచ్చిపోయారని, ప్రభుత్వం ఆ సంగతి దాచిపెట్టిందని.

మూడూ అబద్ధాలే. ఆ ఓడ సిబ్బందిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. అక్కడివాళ్లు నరమాంసం తింటారనడానికి ఏ ఆధారమూ లేదు. దాచిపెట్టిందీ ఏమీ లేదు, అప్పట్లోనే దేశ విదేశాల పత్రికల్లో వచ్చిన వార్త అది.

మా అచ్చంపేట వైపు ఈ ఫొటో వచ్చినప్పుడల్లా మాటలు చెంచుల దగ్గరికి పోతాయి. నల్లమలలో చెంచులకు బడి, రేషన్ బియ్యం, ఇళ్లు ఇచ్చినట్టే ఆ దీవిలో వాళ్లకూ ఇవ్వొచ్చు కదా, ఎన్నాళ్లని అట్లా వదిలేస్తారు అని మంచి మనసుతోనే అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ తుప్పు పట్టిన ఓడ చరిత్రలోనే ఉంది. ఎవరు, ఎప్పుడు, ఎంత దగ్గరికి రావచ్చో సెంటినెలీస్ ప్రజలు తామే నిర్ణయించుకున్నారు, ఆ నిర్ణయాన్ని చాలా స్పష్టంగా చెబుతూనే వచ్చారు. మనమే వినలేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే.

1981 ఆగస్టు

1981 అంటే మన దగ్గర శ్రీశైలం ముంపు ఏడాది. కొల్లాపూర్, ఆలంపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లను ఆ వేసవిలో బలవంతంగా ఖాళీ చేయించారు. ఆ తరం వాళ్లు ఆ ఏడాదిని ఇప్పటికీ మర్చిపోలేదు. ఊళ్లు ఖాళీ అయిన కొన్ని వారాలకే, ఆగస్టు 2 అర్ధరాత్రి కావస్తుండగా, బంగాళాఖాతంలో ప్రిమ్‌రోజ్ అనే సరుకు ఓడ గాలివానలో దారి తప్పి ఉత్తర సెంటినెల్ చుట్టూ ఉన్న పగడపు గుట్టలకు ఎక్కి కూర్చుంది.

ఓడ రిజిస్ట్రేషన్ పనామాది, యజమాని కంపెనీ హాంకాంగ్‌ది. బంగ్లాదేశ్ నుంచి ఆస్ట్రేలియాకు పోతోంది. లోపల ఉన్న సరుకు కోళ్ల దాణా. షాద్‌నగర్, జడ్చర్ల పక్క మక్కలు పండించి దాణా మిల్లులకు తోలే మన రైతులకు ఆ సరుకు ఎట్లాంటిదో చెప్పక్కర్లేదు. బంగారం, ఆయుధాలు, రహస్య పత్రాలు అంటూ తర్వాత పుట్టిన కథలన్నీ ఉత్తవే.

ఓడ మునగలేదు, పక్కకు ఒరగలేదు. గుట్ట మీద నిలబడిపోయింది. తెల్లవారాక సిబ్బందికి కొద్ది దూరంలో ఇసుక ఒడ్డు, దాని వెనక అడవి కనిపించాయి. రేడియోలో సాయం అడిగి, వచ్చేదాకా ఓడలోనే ఉందామనుకున్నారు. కొద్ది రోజులకు కాపలా ఉన్న మనిషికి అడవిలోంచి ఒడ్డుకు వస్తున్న మనుషులు కనబడ్డారు. మొదట తమను కాపాడడానికి వచ్చినవాళ్లే అనుకున్నాడట. కాస్త పరిశీలనగా చూస్తే వాళ్ల ఒంటి మీద బట్టల్లేవు, చేతుల్లో విల్లంబులూ ఈటెలూ ఉన్నాయి.

అప్పుడు కెప్టెన్ హాంకాంగ్‌కు పంపిన సందేశం బాగా ప్రచారంలోకి వచ్చింది. యాభై మందికి పైగా ఆయుధాలతో ఉన్నారు, రెండు మూడు పడవలు చేసుకుంటున్నారు, పొద్దు గూకే వేళకు ఓడ ఎక్కుతారేమోనని భయంగా ఉంది, సిబ్బంది ప్రాణాలకు భరోసా లేదు అన్నది దాని సారాంశం. విమానంలోంచి తుపాకులు జారవిడవమని కూడా అడిగాడు. తుపాకులు రాలేదు. సముద్రం మాత్రం రెండు పక్షాలనూ ఆపింది. అలల ధాటికి దీవి వాళ్ల చిన్న పడవలు ఓడ దాకా రాలేకపోయాయి, గాలికి బాణాలు గురి తప్పాయి. అవే అలల వల్ల సాయానికి వచ్చిన ఓడలు కూడా దగ్గరికి రాలేకపోయాయి. సిబ్బంది గొడ్డళ్లు, ఇనుప గొట్టాలు, సంకేతాల కోసం వాడే ఫ్లేర్ గన్ పట్టుకుని రాత్రింబవళ్లు కాపలా కాశారు.

వారం తర్వాత ఓఎన్‌జీసీ పనికి కాంట్రాక్టు మీద ఉన్న ఒక హెలికాప్టర్‌ను పంపారు. నడిపింది అమెరికన్ పైలట్. ఈదురు గాలిలో, సరుకు ఓడ మీద ఉన్న ఇరుకు జాగాలో మళ్లీ మళ్లీ దిగి సిబ్బంది అందరినీ బయటికి తీసుకొచ్చాడు. ఓడను మాత్రం ఎక్కడిదక్కడే వదిలేశారు.

ఇక్కడితో ఆపితే ఇది సాహస కథ. ఎక్కువ మంది ఇక్కడే ఆపుతారు. కానీ ఒడ్డున నిలబడి చూసినవాళ్ల వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించాలి. ఓ రాత్రి ఊరంత ఇనుము వచ్చి ఇంటి ముందు ఆగింది. లోపల కొత్త మనుషులున్నారు. అట్లా వచ్చినవాళ్లతో అంతకుముందు ఏం జరిగిందో ఆ దీవికి తెలుసు.

అంతకు వందేళ్ల కిందట

ఉత్తర సెంటినెల్ పోర్ట్‌బ్లెయిర్‌కు పడమర 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 2024లో ఆ నగరం పేరు శ్రీవిజయపురం అని మార్చారు. దీవి విస్తీర్ణం సుమారు 60 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో పదిహేను వేల ఎకరాలకు కాస్త తక్కువ. నాగార్జునసాగర్ నిండినప్పుడు నీళ్లు పరుచుకునే మేరలో ఐదో వంతు. అంత చిన్న నేల మీద, బయటి వ్యవసాయం, బయటి వ్యాపారం ఏదీ లేకుండా, వేట, చేపలు, తేనె, దుంపలతో వాళ్లు తరతరాలుగా బతుకుతున్నారు. వాళ్ల భాష అండమాన్‌లోని మిగతా ఆదివాసులకు కూడా తెలియదు. పక్క దీవి ఆదివాసులైన ఓంగేలను వెంటబెట్టుకెళ్లి మాట్లాడించి చూసినా ఫలితం లేకపోయింది.

1771లో ఈస్టిండియా కంపెనీ సర్వే ఓడ ఒకటి ఆ పక్కగా పోతూ ఒడ్డున బోలెడన్ని దీపాలు కనిపించాయని రాసుకుంది. అంతే, దిగలేదు.

1867లో నినెవే అనే వ్యాపార ఓడ ప్రిమ్‌రోజ్ లాగే అక్కడి గుట్టలకు తగిలి పగిలింది. 86 మంది ప్రయాణికులు, 20 మంది సిబ్బంది ఒడ్డుకు చేరారు. మూడో రోజు పొద్దున తిండి తింటుండగా దీవి వాళ్లు దాడి చేశారు. కెప్టెన్ పడవలో సముద్రంలోకి పారిపోయి వేరే ఓడకు దొరికాడు. మిగిలినవాళ్లు కర్రలు, రాళ్లతో ఎదుర్కొంటూ ఉండగా బ్రిటిష్ నౌకాదళం వచ్చి తీసుకుపోయింది. ఆ కెప్టెన్ చెప్పినదాంట్లో ఒక చిన్న వివరం ఉంది: వాళ్ల బాణాల చివర ఇనుము ఉన్నట్టు కనిపించిందని. అంటే ప్రిమ్‌రోజ్‌కు వందేళ్లకు పైగా ముందే ఆ దీవిలో ఇనుము ఉంది. గని లేదు, కొలిమి లేదు. సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసినవి, పగిలిన ఓడల నుంచి దొరికినవి ఏరుకుని, కరిగించకుండా రాళ్లతో కొట్టి, అరగదీసి ములుకులు చేసుకునే పనితనం వాళ్లది.

అసలు గాయం తగిలింది 1880లో. మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి పెద్ద సాయుధ బృందంతో దీవిలో దిగాడు. దారులు కనిపించాయి, ఖాళీ గుడిసెలు కనిపించాయి, మనుషులు దొరకలేదు. రోజుల తరబడి వెతికితే ఒక ముసలాయన, ఒక ముసలామె, నలుగురు పిల్లలు దొరికారు. ఆ ఆరుగురినీ పట్టుకుని పోర్ట్‌బ్లెయిర్‌కు తీసుకుపోయాడు. బందీలను బాగా చూసుకుని, కానుకలిచ్చి పంపితే స్నేహం కుదురుతుందనేది అప్పటి బ్రిటిష్ వాళ్ల పద్ధతి. వెళ్లీవెళ్లగానే ఆరుగురికీ జబ్బు చేసింది. పెద్దవాళ్లిద్దరూ చనిపోయారు. పిల్లల్ని కొన్ని కానుకలతో తిరిగి దీవిలో దింపేశారు.

ఆ పిల్లలు తమవాళ్లకు ఏం చెప్పి ఉంటారు? వాళ్లతో పాటు ఏ రోగం దీవిలోకి వెళ్లి ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలు అడగకుండా సెంటినెలీస్‌ను క్రూరులు అనడం అన్యాయం. దీనివల్ల బయటివాళ్లంటే వాళ్లకున్న భయం, పగ పెరగడం తప్ప ఒరిగిందేమీ లేదని పోర్ట్‌మన్ తానే తర్వాత రాసుకున్నాడు.

పక్క దీవుల్లో ఏం జరిగిందో చూస్తే విషయం ఇంకా తేటగా అర్థమవుతుంది. గ్రేట్ అండమానీస్ ప్రజలు 19వ శతాబ్దం మధ్యలో వేల సంఖ్యలో ఉండేవాళ్లు. 1858లో బ్రిటిష్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల వలస పెట్టాక ఘర్షణలు, తర్వాత సిఫిలిస్, 1877లో తట్టు. 1961 జనాభా లెక్కల నాటికి 19 మంది మిగిలారు. ఓంగేలు 1901లో 672 మంది, ఇప్పుడు వంద చిల్లర. జరావాలు 1998 ప్రాంతంలో తమంతట తాము బయటికి రావడం మొదలుపెట్టారు. మరుసటి ఏడాదే వాళ్లలో తట్టు వ్యాపించింది. మనకు చిన్నప్పుడు టీకా వేయించుకుని మర్చిపోయే జబ్బు అది. ఆ జబ్బు ఎప్పుడూ తగలని ఒంటికి, టీకా ఎరుగని ఒంటికి అది ప్రాణాంతకం. జలుబు కూడా అంతే.

సెంటినెలీస్ మాత్రం ఆ లెక్కలో చేరలేదు. బాణం వేసి దూరం పెట్టినందుకే చేరలేదు.

కొబ్బరికాయలు, పంది, బొమ్మ

స్వతంత్రం వచ్చాక 1956లో అండమాన్ ఆదివాసుల రక్షణ నిబంధన తెచ్చారు. ఆదివాసుల ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరమైంది. అయితే ప్రభుత్వమే స్నేహయాత్రలు మొదలుపెట్టింది. 1967లో మానవ శాస్త్రవేత్త టి.ఎన్. పండిట్ ఉన్న బృందం దీవిలో దిగింది. గుడిసెలు ఖాళీగా ఉన్నాయి, మనుషులు అడవిలోకి తప్పుకున్నారు. కానుకలు పెట్టి రావడానికి వెళ్లిన ఆ బృందంలో కొందరు గుడిసెల్లోని విల్లంబులూ బుట్టలూ జ్ఞాపికలుగా పట్టుకొచ్చారు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంటివాళ్లు లేనప్పుడు ఇంట్లో సామాను తీసుకుపోవడానికి మనమందరం వాడే పేరు వేరే ఉంది. 1970లో ఇంకో బృందం వెళ్లి ఈ దీవి భారతదేశంలో భాగమని చెక్కిన రాయి ఒకటి అక్కడ పాతి వచ్చింది.

1974లో ఒక డాక్యుమెంటరీ బృందం వెళ్లింది. కానుకల్లో కొబ్బరికాయలు, వంట గిన్నెలు, ఒక ప్లాస్టిక్ బొమ్మ, కాళ్లు కట్టేసిన బతికున్న పంది ఉన్నాయి. దీవి వాళ్లు బాణాలు వేశారు, ఒక బాణం దర్శకుడి తొడలో దిగింది. బృందం పడవలో వెనక్కి జరిగాక ఒడ్డున జరిగింది గమనించదగ్గది. కొబ్బరికాయలు తీసుకున్నారు. గిన్నెలు తీసుకున్నారు. పందిని ఈటెలతో పొడిచి ఇసుకలో పూడ్చేశారు. బొమ్మనూ అట్లాగే పూడ్చేశారు.

కొబ్బరి ఆ దీవిలో కాయదు, కాబట్టి అది కావాలి. లోహపు గిన్నె పనికొస్తుంది, అదీ కావాలి. వేటాడి తినేవాళ్లే అయినా కట్టేసి ఇచ్చిన పంది అక్కర్లేదు. మనిషి ఆకారంలో ఉన్న బొమ్మ అసలే అక్కర్లేదు. ఇది తెలివిలేని కోపం కాదు. ఏది ఉంచుకోవాలి, ఏది పారేయాలి అని కూర్చుని తేల్చుకున్న మనుషులు చేసే పని.

1991 జనవరి 4న మొదటిసారి పరిస్థితి మారింది. ఆ బృందంలో మధుమాల చటోపాధ్యాయ అనే మానవ శాస్త్రవేత్త ఉన్నారు. పడవలోంచి కొబ్బరికాయలు నీళ్లలో వదులుతూ ఉంటే దీవి వాళ్లు నీళ్లలోకి దిగి ఏరుకున్నారు. ఒక యువకుడు బాణం ఎక్కుపెట్టాడు. పక్కనే ఉన్న ఆడమనిషి అతన్ని నెట్టింది, బాణం గురి తప్పి నీళ్లలో పడింది. అదే రోజు తర్వాత కొందరు చేతికే కాయలు అందుకున్నారు. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తే ఏకంగా పడవ ఎక్కి కాయలు తీసుకున్నారు. పోలీసు చేతిలో ఉన్న తుపాకీని కూడా లాక్కోబోయారు. వాళ్ల కంటికి అది మంచి ఇనుప ముక్క, అంతే.

ఇనుము మీద వాళ్లకున్న ఆసక్తి అప్పటికి పదేళ్లుగా ఇంకా పెరిగింది. దానికి కారణం గుట్ట మీద ఉన్న ప్రిమ్‌రోజ్.

ఓడ మీద పద్దెనిమిది నెలలు

ప్రిమ్‌రోజ్ ఒక్కటే కాదు, 1977లో రస్లీ అనే ఇంకో సరుకు ఓడ కూడా ఆ గుట్టలకే తగిలింది. రెండు ఓడల ఇనుము ఒక చిన్న దీవి ముంగిట్లోకి వచ్చింది. కెరటాలు తగ్గినప్పుడు దీవి వాళ్లు ఓడల దగ్గరికి వెళ్లి చేతికొచ్చిన ఇనుము ఊడదీసుకున్నారు. ఆ తర్వాత వాళ్ల దగ్గర ఇనుప పనిముట్లు, ములుకులు ఎక్కువయ్యాయని చూసినవాళ్లు రాశారు.

1990ల మొదట్లో ప్రిమ్‌రోజ్‌ను విడగొట్టి ఇనుము అమ్ముకోవడానికి ప్రభుత్వం ఒక పాత ఇనుము వ్యాపారికి కాంట్రాక్టు ఇచ్చింది. పని దాదాపు పద్దెనిమిది నెలలు సాగింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే, దీన్ని మాత్రం ఎవరూ వాట్సాప్‌లో పంపరు. పనివాళ్లు దిగిన ఒకటి రెండు రోజులకే, నీళ్లు తగ్గిన వేళ, దీవి వాళ్లు మూడు చిన్న పడవల్లో వచ్చారు. చేతుల్లో ఆయుధాల్లేవు. పనివాళ్లు భయంభయంగానే అరటిపళ్లు, కొబ్బరికాయలు ఇచ్చారు, చిన్న చిన్న ఇనుప ముక్కలు కూడా ఇచ్చారు. అవి తీసుకుని వెళ్లిపోయారు. తర్వాత కూడా నెలకు రెండు మూడుసార్లు వస్తూనే ఉన్నారు. ఏడాదిన్నర పాటు ఒకే ఓడ మీద ఇట్లా నడిచింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒకటే దీవి, ఒకటే ఓడ, ఒకటే జనం. 1981లో బాణాలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డవాళ్లే పదేళ్ల తర్వాత ఖాళీ చేతులతో వచ్చారు. తేడా ఎక్కడుంది? పనివాళ్లు దీవిలోకి పోలేదు. ఒడ్డున గుడిసె వేయలేదు, అడవిలో వెతకలేదు, పిల్లల్ని ముట్టుకోలేదు. నీళ్ల మధ్య ఓడ మీదే ఉన్నారు. రావాలా వద్దా, ఎప్పుడు రావాలి, ఎప్పుడు వెళ్లిపోవాలి అనేది దీవి వాళ్ల చేతిలోనే ఉంది. ఇది నా అభిప్రాయం, కానీ ఇన్నేళ్ల సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వివరణ నాకు కనిపించడం లేదు.

అయినా ఆ పద్దెనిమిది నెలల్లో దగ్గు, జ్వరం ఏదీ దీవిలోకి పోలేదని ఎవరూ చెప్పలేరు. ఈ భయంతోనే ప్రభుత్వం కానుకల యాత్రలను క్రమంగా తగ్గించి 1990ల రెండో సగంలో పూర్తిగా ఆపేసింది. దూరం నుంచి కనిపెట్టి చూడాలి, చేయి పెట్టకూడదు అనేదే అప్పటి నుంచి విధానం.

సునామీ, తర్వాత

2004 డిసెంబరు 26 సునామీలో ఆ దీవి వాళ్లు కొట్టుకుపోయి ఉంటారని దేశమంతా అనుకుంది. భూకంపానికి దీవి చుట్టూ ఉన్న పగడపు గుట్టలు మీటరుకు పైగా పైకి లేచాయి, లోతు తక్కువ నీళ్లలో చేపలు పట్టే జాగాలు ఎండిపోయాయి. రెండు మూడు రోజులకు కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ చూడ్డానికి వెళ్తే, ఇసుకలోకి పరిగెత్తుకొచ్చిన ఒక మనిషి దాని మీదికి బాణం ఎక్కుపెట్టాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. బతికే ఉన్నాం, వెళ్లిపోండి అనే రెండు సంగతులూ ఆ ఒక్క ఫొటోలో ఉన్నాయి.

2006లో అనుమతి లేకుండా ఆ నీళ్లలోకి పోయిన ఇద్దరు మత్స్యకారుల పడవ రాత్రి నిద్రలో ఉండగా ఒడ్డుకు కొట్టుకుపోయింది. ఇద్దరూ దీవి వాళ్ల చేతిలో చనిపోయారు. 2018 ఆగస్టులో కేంద్రం పర్యాటకం పేరుతో 29 దీవులకు విదేశీయుల పర్మిట్ నియమం సడలించింది, ఆ జాబితాలో ఉత్తర సెంటినెల్ కూడా ఉండటం పెద్ద పొరపాటు. ఆదివాసుల రక్షణ నిబంధన అలాగే ఉంది కాబట్టి చట్టం ప్రకారం అక్కడికి వెళ్లే హక్కు ఎవరికీ రాలేదు, కానీ సంకేతం తప్పుగా వెళ్లింది. ఆ నవంబరులోనే మతప్రచారం కోసం దొంగతనంగా దిగిన ఒక అమెరికన్ యువకుడు చనిపోయాడు. శవం తేవడానికి దీవిలోకి బలగాన్ని పంపకూడదని మానవ శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పారు, పంపలేదు. 2025 మార్చిలో ఇంకో అమెరికన్ అక్కడ దిగి ఒక కూల్‌డ్రింక్ డబ్బా, కొబ్బరికాయ పెట్టి, వీడియో తీసుకుని వచ్చాడు. పోలీసులు అరెస్టు చేశారు.

చెంచుల సంగతి

ఇక మా అచ్చంపేట ప్రశ్న. చెంచులూ, సెంటినెలీస్ ఇద్దరూ ప్రభుత్వ లెక్కల్లో ఒకే జాబితాలో ఉన్నారు. దేశంలో ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాలని గుర్తించినవి 75, అందులో ఈ రెండూ ఉన్నాయి. కానీ జాబితా ఒకటైనంత మాత్రాన పరిస్థితి ఒకటి కాదు. చెంచులు తెలుగు మాట్లాడతారు. శ్రీశైలం యాత్రికులతో, మైదాన ఊళ్ల వ్యాపారులతో వాళ్లకు తరాల సంబంధం. తేనె, అడవి సరుకు అమ్మి, బాణాల ములుకులకూ గొడ్డళ్లకూ ఇనుము మైదానం నుంచే తెచ్చుకునేవాళ్లు. 1940లో ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్లతో ఉండి రాసినప్పటికే ఆ సంబంధాలు పాతవి. కాబట్టి బడి, ఆస్పత్రి, రేషన్ చెంచుల హక్కు. మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి అవి పెంటల దాకా, అంటే అడవిలోని చెంచు గూడేల దాకా, సరిగా చేరకపోతే అడగాల్సిందే.

చెంచులకూ సెంటినెలీస్‌కూ నిజంగా కలిసే చోటు వేరే ఉంది. నిర్ణయం ఎవరిది అన్నదే అది. 1978లో అభయారణ్యం, 1983లో పులుల సంరక్షణ కేంద్రం, తెలంగాణ వచ్చాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఏర్పడ్డాయి. ప్రతిసారీ గీతలు గీసింది బయటివాళ్లు, గీతల లోపల ఉన్నది చెంచులు. అప్పాపూర్ లాంటి లోపలి పెంటల్లో వాళ్లను అడవి నుంచి తరలించే మాట ఏళ్లుగా నలుగుతూనే ఉంది. 2019లో యురేనియం సర్వే మాట వచ్చినప్పుడు నల్లమల మొత్తం లేచింది, నల్లగొండ, పాలమూరు పట్నాల నుంచి కూడా జనం గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. చెంచుల మాట వినిపించాలంటే అంత మంది వెనక నిలబడాల్సి వచ్చింది. సెంటినెలీస్‌కు మద్దతు సభలు పెట్టేవాళ్లు లేరు, వాళ్ల వినతిపత్రం వాళ్ల బాణమే.

ఇప్పుడు ఉన్న నియమం

2011 జనాభా లెక్కల్లో సెంటినెలీస్ సంఖ్య 15 అని వేశారు. అది పడవలోంచి దూరంగా చూసి కనబడ్డవాళ్లను లెక్కపెట్టింది మాత్రమే, అడవిలో ఉన్నవాళ్లు అందులో లేరు. 2001లో అట్లాగే చూసి 39 అని రాశారు. దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లకు పైగా, ఎవరూ పోకూడదు. కోస్ట్‌గార్డ్, పోలీసు పడవలు ఆ నీళ్లలో గస్తీ తిరుగుతాయి. ప్రిమ్‌రోజ్‌లో కోయగా మిగిలిన భాగం ఇంకా గుట్ట మీదే ఉంది. శాటిలైట్ ఫొటోలో మనకు కనిపించేది అదే.

హైదరాబాద్ నుంచి అండమాన్ టూర్లకు మనవైపు నుంచి వెళ్లేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. అక్కడ తెలుగు వినపడుతుంది, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వండూరు నుంచి పడవలు మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు దీవులకు పోతాయి, దానికి పర్మిషన్ ఉంది. ఉత్తర సెంటినెల్‌ను దూరం నుంచి చూపిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఎక్కొద్దు, పోలీసులకు చెప్పండి. 2018లో ఆ అమెరికన్‌ను డబ్బులు తీసుకుని రాత్రిపూట దీవి దగ్గరికి చేర్చిన మత్స్యకారులతో సహా ఏడుగురిని అరెస్టు చేశారు. ఆ మత్స్యకారుల మాటల ఆధారంగానే అతను చనిపోయిన సంగతి బయటపడింది. మరుసటి రోజు పొద్దున, ఒడ్డున శవాన్ని ఇసుకలో పూడుస్తుండగా పడవలోంచి చూసింది వాళ్లే.